ఎండ పడే ఇల్లు

కోరాపుట్‌లో అద్దెకి ఇల్లు చూడబోయినవాళ్ళు ముందు వంటిల్లు చూడరు. గుమ్మంలో నిలబడి “ఎండ పడతాదా?” అని అడుగుతారు. పడదంటే చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరుగుతారు. ఏడాదిలో సగం పొగమంచు, మిగతా సగంలో సగం ముసురు పట్టే కొండ ఊరు అది. ఎండ పడని ఇంట్లో గోడలకి బూజు, బట్టలకి ముక్కిన వాసన, పిల్లలకి దగ్గు. పడమటెండ పడే గది ఉన్న ఇల్లు దొరికితే అదృష్టవంతులని నలుగురూ చెప్పుకుంటారు.

దేవకుమారి ఆ ఊళ్ళోనే పుట్టింది, అక్కడే టీచరయింది, అక్కడి చర్చిలోనే శరత్ బాబుని పెళ్ళాడింది. అంచేత జనవరిలో కొండ దిగువ రాయగడకి ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు ఆమె కూడా అదే చూసింది. నాగావళి విహార్ కాలనీ. మిల్లుల వాళ్ళూ, కాంట్రాక్టర్లూ, హోల్‌సేలు షావుకార్లూ కట్టుకున్న మేడలు. పేరు చెప్పగానే ఆటోవాడు రేటు పెంచే చోటు. అందులో ఆదిశేషు షావుకారి మేడ మీద వాటా ఖాళీగా ఉంది. పడమటి గోడ పొడవునా అద్దాల కిటికీలు. గది నిండా పసుపు ఆరబోసినట్టు ఎండ. కింద గళ్ళ గ్రానైటు, కాలు పెడితే వెచ్చగా తగిలింది. ఆమె మనసు అక్కడే పడిపోయింది.

“ఇదే తీసుకుందామండి” అంది భర్తతో. రాయగడ పక్కనే తెరుబలి ఫ్యాక్టరీలో ఆఫీసరుగా పైకి వచ్చిన శరత్ బాబుకి వారానికోసారి కొండెక్కి ఇంటికి రావడం విసుగెత్తిపోయింది. ఇల్లంటూ ఒకటి దొరికితే చాలనుకున్నాడు. సరేనన్నాడు.

సరే అననిది ఒక్క దొర్కా. శరత్ బాబు తల్లి. మిషను ఆసుపత్రిలో జుట్టు నెరిసేదాకా నర్సు ఉద్యోగం చేసిన మనిషి. ఆ వీధిలో ఆవిడ చేతి సూది పడని పిర్ర లేదని జనం నవ్వుతూ చెప్పుకుంటారు గానీ, ఆవిడ ఎదుట మాత్రం పాస్టరుగారు కూడా గొంతు తగ్గించే మాట్లాడతారు. ఎవరికి జ్వరమొచ్చినా డాక్టరు కంటే ముందు దొర్కా సిస్టరుకి కబురు వెళ్ళేది. ఆవిడ చెయ్యి వేసి చూసి “మలేరియా” అందంటే మలేరియాయే. రక్తం పరీక్ష ఆవిడ మాట నిలబెట్టడానికి వచ్చేది తప్ప కాదనడానికి ఎన్నడూ రాలేదు.

“వానలు పడ్డాక ఎల్దాం” అని చెప్పి చూసింది దొర్కా.

“బడి సెలవులదాకా ఆగుతామన్నారు, వానలదాకా ఉంచరత్తమ్మా. ఎవలో ఒకలు ఎగరేసుకుపోతారు” అని దేవకుమారి పట్టుబట్టింది. అత్తగారి మాట మీద కోడలి మాట నెగ్గడం ఆ ఇంట్లో అదే మొదలు. నెగ్గిన మాటకి కాపలా కాయడం ఎంత కష్టమో ఇల్లు మారిన వారంలోనే ఆమెకి తెలిసొచ్చింది.

మే నెల రెండో వారంలో సామాను లారీకి ఎక్కించి, మనుషులు రైలెక్కారు. బొద్దుగా మూటకట్టిన ఉన్ని రగ్గులు మాత్రం దొర్కా లారీలో వెయ్యనివ్వలేదు. తన పక్క సీట్లో పెట్టుకుంది.

“రాయగడలో రగ్గులేటమ్మా, ఎలుగుబంటికి కప్పుతావేటి?” అని శరత్ బాబు వేళాకోళం ఆడాడు.

“జొరం కొండ మీద ఒకలాగ, దిగువన ఒకలాగ రాదు. సలొస్తే కప్పాల” అంది ఆవిడ, మూట మీద చెయ్యి తియ్యకుండా.

ఏడేళ్ళ యూనిస్‌కి ఇవేమీ పట్టలేదు. కొండ దిగే రైలు సొరంగంలో దూరినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకుని, తల్లి కొంగు పట్టుకుని, “టన్నెలు అయిపోయిందా అమ్మా?” అని అడగడమే పని. వెలుగు రాగానే కిలకిలా నవ్వేది. మళ్ళీ చీకటి, మళ్ళీ కొంగు.

ఇంటివాళ్ళు కింద వాటాలోనే ఉంటారు. షావుకారి భార్య బాలామణి మొదటి రోజు సాయంత్రం మెట్ల దగ్గరకి వచ్చి పలకరించింది. నిండుగా గాజులు, నుదుట రూపాయంత బొట్టు, మాటలో కొంచెం దర్జా. అన్నీ చెప్పి చివర్లో ఒక మాటంది. “మద్దేన్నం పూట మాత్రం మేం తలుపు తియ్యమమ్మా. ఏటున్నా పొద్దున్నో, సందేళో రండి.”

దేవకుమారి చెవికి అది వేరుగా వినిపించింది. కోరాపుట్‌లో ఇరుగుపొరుగు ఒకరింటికొకరు వెళ్ళేదే మధ్యాహ్నం పూట. వంటలు ముగించి, అరుగు మీద ఎండకి వీపు పెట్టి కూర్చుని, ఊరి కబుర్లన్నీ అప్పుడే చెప్పుకుంటారు. ఆ వేళ తలుపు తియ్యమంటే మా గుమ్మం తొక్కొద్దనే కదా? అయినా మర్నాడు మధ్యాహ్నం, కొత్తవాళ్ళం మనమే ఒక అడుగు వేద్దామని, కొండ అల్లంతో చేసిన మురబ్బా సీసా పట్టుకుని కిందకి దిగింది. బెల్లు కొట్టింది. లోపల టీవీ మాటలు వినబడుతున్నాయి. తలుపు తెరుచుకోలేదు. అరికాళ్ళు చురుక్కుమంటుంటే అటు కాలు ఇటు, ఇటు కాలు అటు మార్చుకుంటూ కాసేపు నిలబడి, సీసాతో సహా పైకి వచ్చేసింది.

“అయ్యిందా మర్యాద? డబ్బున్నోల్ల తలుపులు మన బెల్లుకి తెరుసుకోవు” అంది దొర్కా. దేవకుమారికి ఏడుపొచ్చినంత పనయింది. ఇంకోసారి ఆ గుమ్మం ఎక్కకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆ రాత్రి సీసా అలమరలో వెనక్కి నెట్టేసింది.

కాలనీ అంతా అదే వరస. పొద్దెక్కేసరికి ప్రతి మేడా కళ్ళు మూసుకునేది. కిటికీలకి తెరలు, తలుపులకి గడియలు. వీధిలో కుక్క కూడా కనబడదు. ఇంత గాలాడని బతుకు బతికేవాళ్ళు ఇంత ఇళ్ళెందుకు కట్టుకున్నారో దేవకుమారికి అర్థం కాలేదు. తను మాత్రం పడమటి కిటికీలన్నీ బార్లా తెరిచి పెట్టేది. కొండ మీద అలవాటు అదే మరి. గది వేడెక్కితే కిటికీ తెరవాలి, గాలొస్తుంది. ఇక్కడా గాలొచ్చేది. పొయ్యి మూత తీసినప్పుడు వచ్చే గాలి. ఒకరోజు పొద్దున్నే బాలామణి కిందనుంచి తలెత్తి, “ఆ కిటికీలు మూసుకోండమ్మా!” అని అరిచింది. ‘మా కిటికీల మీద కూడా ఈవిడ పెత్తనమేనా’ అనుకుని దేవకుమారి విననట్టు లోపలికి వెళ్ళిపోయింది.

ఉక్కపోతకి యూనిస్ ఫ్రిజ్ దగ్గరే తచ్చాడేది. కానీ ఫ్రిజ్ నీళ్ళు ముట్టుకుంటే నానమ్మ చెయ్యి వీపు మీద పడేది. “సల్లనీల్లు తాగి గొంతు పట్టిందంటే ఊపిరితిత్తులకి దిగుతాది. కాగబెట్టినవే తాగు.” కాచిన నీళ్ళు ఆ గదిలో చల్లారితే గదా. పిల్ల ఒక గుక్క తాగి ముఖం చిట్లించి గ్లాసు పక్కన పెట్టేసేది. దేవకుమారి చూసేది, ఊరుకునేది. ఇంట్లో ఏ కష్టం పేరెత్తినా దొర్కా కళ్ళు అద్దాల కిటికీ వైపు వెళ్ళి, అక్కడినుంచి కోడలి వైపు వచ్చి ఆగేవి. ఆ చూపు తప్పించుకుని ఆమె వంటింట్లోకి వెళ్ళేది. కొత్త ఏసీ పెట్టించేదాకా ఎలాగో గడిపేస్తే చాలనుకుంది.

ఆ రోజు పొద్దున శరత్ బాబు కంపెనీ బస్సెక్కి వెళ్ళిన కాసేపటికే కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందట. ఫ్యాన్లు ఆగాయి. పొద్దు తిరిగాక యూనిస్ పడమటి కిటికీ కింద గచ్చు మీద బొమ్మల ఇల్లు పెట్టుకుని, ఒంటి మీద ఎండ పడుతున్నా పట్టించుకోకుండా ఆడుకుంటోంది. కోరాపుట్‌లో ఎండలో ఆడే పిల్లని ఎవరూ లోపలికి పిలవరు. ఒంటికి మంచిదంటారు.

రెండు దాటాక అన్నానికి పిలిస్తే పిల్ల తలనొప్పి అంది. అన్నం ముద్ద చూడగానే భళ్ళున కక్కింది. కక్కుతున్నప్పుడు ఒళ్ళంతా గడగడా వణికింది. అది చూసింది దొర్కా. పరుగున వచ్చి మనవరాలి నుదుటి మీద చెయ్యి పెట్టి, అంతలోనే తీసేసింది.

“సలి జొరం. మలేరియాయే. కొండ మీద పెరిగిన గుంటకి దిగువ దోమ కుట్టింది. నువ్వు గాబరా పడకు, నా సేతిలో పని” అంది. ఆ గొంతులో భయం లేదు. ఎన్నో మంచాల పక్కన నిలబడ్డ గొంతు అది. దేవకుమారికి కొండంత ధైర్యం వచ్చింది. రగ్గుల మూట విప్పుతుంటే తనే చెయ్యి సాయం చేసింది. మెడ దాకా రగ్గు కప్పి, చుట్టూ అంచులు దోపి, దొర్కా పక్కన కుర్చీ వేసుక్కూర్చుంది.

“ముందు సలి, ఎనక మంట, దానెనక సెమట. సెమట పట్టిందంటే జొరం దిగిపోతాది. అందాకా కప్పు తియ్యకూడదు” అంది.

ఇద్దరూ చెమట కోసం కాచుకుని కూర్చున్నారు. ఇద్దరికీ ధారలు కట్టింది. దేవకుమారి జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. పిల్లకి మాత్రం చుక్క లేదు. ముఖం ఎర్రబారి, పెదవులు ఎండి, మెడ మీద ఎర్రటి మచ్చలు తేలాయి. దేవకుమారి భర్తకి ఫోన్ చేసింది. ఫర్నేసు దగ్గరికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. మోగి మోగి ఆగింది. అంబులెన్సుకి చేస్తే బండి కొల్నార ఊరి దగ్గర ఎక్కడో ఉందని, వచ్చేసరికి ఆలస్యమవుతుందని చెప్పారు.

“అంబులెన్సెందుకు? మలేరియా పట్టిన గుంటల్ని ఎంతమందిని సూసేను నేను” అని దొర్కా కసిరింది. కసిరింది గానీ, థర్మామీటరు తీసి పిల్ల చంకలో పెట్టింది. తీసి చూసి, కనుబొమలు ముడేసింది. పాదరసం ఆఖరి గీత దాకా పోయింది. విదిలించింది. మళ్ళీ చూసింది. దిగలేదు. ఇంకా గట్టిగా విదిలించింది. దిగలేదు.

“ఇది కూడా సచ్చింది ఎదవది” అని కిటికీ పక్క టీపాయి మీద పడేసి, పిల్ల మీద రెండో రగ్గు అందుకుంది.

యూనిస్ కళ్ళు సగం తెరిచింది. ఆ కళ్ళు ఎవరినీ చూడడం లేదు. “టన్నెలు అయిపోయిందా అమ్మా?” అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. “ఇంకా టన్నెలేనా?”

దేవకుమారి పిల్ల చెంప తట్టి పిలిచింది. ఏదో తప్పు జరుగుతోందని ఆ క్షణంలో ఆమెకి తోచింది. తోచింది గానీ అత్తగారికి ఎలా చెబుతుంది? నర్సు ఆవిడ. తనేమిటి, మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పుకునే మనిషి. పైగా ఈ ఇల్లు ఎవరు తెచ్చారు? వానలు పడ్డాక వెళ్దామన్న మాట కాదన్నదెవరు? ఇప్పుడు ‘అత్తమ్మా, ఇది ఎండ వల్లేమో’ అంటే ‘ఎవలు తెచ్చిన ఎండ?’ అని ఆవిడ అడగదా? ఎండ అని ఒప్పుకోవడమంటే తన నెత్తిన తనే రాయేసుకోవడం. మలేరియా అయితే తప్పు దోమది. అలాగే అనుకుందామని ప్రయత్నించింది కూడా. సిగ్గుపడాల్సిన ఆలోచన అది, కానీ వచ్చింది.

తడిగుడ్డయినా వేద్దామని బాత్రూములోకి పరిగెత్తి కొళాయి తిప్పింది. “అబ్బా!” అని చెయ్యి లాక్కుంది. నీళ్ళు సలసలా కాగుతున్నాయి. డాబా మీది టాంకు పొద్దున్నుంచీ ఎండలో ఉడుకుతోంది మరి. ఖాళీ చేతులతో గదిలోకి తిరిగి వచ్చి, ఏం చెయ్యాలో తెలియక టీపాయి మీది థర్మామీటరు చేతిలోకి తీసుకుంది.

పాదరసం ఆఖరి గీత దగ్గరే ఉంది. ఇంత సేపూ అది ఎవరి చంకలోనూ లేదు. ఉత్త బల్ల మీద ఉంది. విదిలిస్తే దిగకపోవడం పాడైపోయి కాదు, గదిలో గాలే అంత వేడిగా ఉంది. ఉన్నదే చెబుతోంది. జ్వరం ఈ గదికే ఉంది. జ్వరం పట్టిన ఇంట్లో, పిల్లకి రెండు రగ్గులు కప్పి, పక్కనే కూర్చుని కాపలా కాస్తున్నారు తామిద్దరూ.

“అత్తమ్మా, రగ్గులు తియ్యండి.”

“ఏటి?”

“రగ్గులు తియ్యండి! ఇది మలేరియా కాదు. ఎండ. గుంటకి ఎండ కొట్టింది.”

దొర్కా కుర్చీలోంచి లేచింది. మనిషి పొట్టిదే అయినా ఆ లేవడంతో గది ఇరుకైపోయింది. “నువ్వా నాకు సెప్పేది? ఎండ పడే ఇల్లని ఎగిరి గంతేసి తెచ్చేవు, నీ తెలివి సూసేను గదా. ఇంక సాల్లే. సెమట పట్టేదాకా ముట్టుకోనివ్వను.”

అంతకు ముందయితే ఆ మాటకి దేవకుమారి తల దించుకునేది. అప్పుడే రగ్గు కింద యూనిస్ చెయ్యి ఒకసారి ఎగిరిపడింది. పిల్ల కదిల్చింది కాదు, దానంతట అదే ఎగిరింది. దేవకుమారి ఇక ఎవరి ముఖమూ చూడలేదు. రెండు రగ్గులూ ఒక్క లాగు లాగి గచ్చు మీద విసిరేసి, పిల్లని భుజాన వేసుకుంది. కాలిన పెనం ఎత్తుకున్నట్టుంది. అత్తగారు చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. “దేవీ! దేవీ!” అని వెనక అరుపులు వినబడుతూనే ఉన్నాయి. చెప్పులు లేకుండా మెట్లు దిగింది.

ఎక్కడికి? వీధిలో నరమానవుడు లేడు. గేటు దగ్గర కాపలావాడి కుర్చీ ఖాళీగా ఉంది. అటూ ఇటూ మూసిన తలుపులే. ఎక్కనని ఒట్టు పెట్టుకున్న గుమ్మం ఒక్కటే ఎదురుగా ఉంది.

బెల్లు నొక్కింది. నొక్కి నొక్కి పట్టుకుంది. లోపల చడీ చప్పుడూ లేదు. తీయరు. ఆ రోజులాగే లోపలే ఉండి తీయరు. ఆ తలుపు వెనక హాయిగా పడుకుని, మధ్యాహ్నం మేం తీయమని చెప్పాం కదా అనుకుంటూ ఉంటారు. కోపం నషాళానికంటింది. పిల్లని ఒక భుజం మీదకి మార్చుకుని, రెండో చేత్తో ఆ టేకు తలుపుని దబదబా బాదింది. “తియ్యండి! పిన్నిగారూ! తలుపు తియ్యండి! నా బిడ్డ సచ్చిపోతంది! మీ తలుపు పగిలినా ఫరవానేదు, నేను ఎల్లను!” గుమ్మం గచ్చు అరికాళ్ళని కాలుస్తోంది. ఆమెకి తెలియడం లేదు.

గడియ శబ్దం. తలుపు తెరుచుకుంది.

“ఓలమ్మో! ఎప్పుటినించి కొడతన్నావమ్మీ? కరెంటు లేకపోతే బెల్లు మోగదు గదా. మేం ఎనక గదిలో ఉంటాం ఈ యేల. మొన్న కూడా నువ్వొచ్చేవట, టీవీ సప్పుడులో ఇనబడక...” బాలామణి మాట పూర్తి చెయ్యలేదు. పిల్లని చూసింది. రెక్క పట్టుకుని లోపలికి లాగింది. వెనకే తలుపు మూసేసింది.

లోపల చీకటి. ఆ చీకటి చల్లగా ఉంది. నిజంగా చల్లగా. కిటికీలకి వట్టివేళ్ళ తడికలు, వాటి మీద నీళ్ళు చిలకరించిన వాసన. గచ్చంతా తడిగుడ్డతో తుడిచి ఉంది. మూల ఇసుకలో పెద్ద పెద్ద మట్టికుండలు. ఇంత మేడ కట్టుకున్న షావుకారి ఇల్లు పొదిగే కోడిలా ముడుచుకుని, రెక్కల కింద ఇంత చల్లదనాన్ని దాచుకుని కూర్చుంది. డబ్బు పొగరని దేవకుమారి వారం రోజులూ తిట్టుకున్న మూసిన తలుపుల అర్థం ఇదన్నమాట. తిట్టుకున్నందుకు సిగ్గుపడే తీరిక కూడా అప్పుడామెకి లేదు.

“కింద పడుకోబెట్టు. గచ్చు మీద. గౌను ఇప్పీ.” బాలామణి చీర కుచ్చిళ్ళు దోపుకుని కుండ వంచింది. నీళ్ళు పిల్ల పొట్ట మీద పడ్డాయి. పిల్ల ఉలిక్కిపడలేదు. “ఇదేటి, ఒంటికి ఉన్ని నూగు అంటుకుంది? దుప్పటి కప్పేరేటి? ఈ ఎండల్లో ఏ బుద్దున్నోలు కప్పేరు?”

అప్పుడే తలుపు తోసుకుని దొర్కా లోపలికి వచ్చింది. ఆ మాట ఆవిడ చెవిన పడింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

“నేనే కప్పేను పిన్నిగారూ. తెలవక కప్పేను” అంది దేవకుమారి.

దొర్కా కోడలి ముఖంలోకి చూసింది. తర్వాత గచ్చు మీద కూలబడి, వంగి, మనవరాలి చంకలోకి వేళ్ళు పోనిచ్చింది. మెడ వెనక తడిమింది. తొడ మడతలో తడిమింది. ఎక్కడా చెమ్మ లేదు, ఎండు కట్టె. ఆవిడ తన చేతుల వైపు చూసుకుంది. ఊరందరికీ సూదులేసిన చేతులు. “ప్రభువా, నా సేతులతో నేనే...” అంది గొంతులో గొంతుగా. ఆ తర్వాత ఏడుస్తుందేమో అనుకుంది దేవకుమారి. ఏడవలేదు. మరుక్షణం ఆ ఇంట్లో మాట్లాడింది సిస్టరమ్మ.

“ఇసనకర్ర ఉందా అమ్మా? ఉంటే తియ్యి. ఒంటి మీద నీల్లు ఆరతన్నకొద్దీ ఇసరాల. గుడ్డలు తడిపి సంకల్లో పెట్టు దేవీ, గజ్జల్లో, మెడ కింద. ఐసు ఉందా? గుడ్డలో సుట్టి ఇయ్యి. నోట్లో మాత్రం నీల్లు పొయ్యకండి, తెలివి లేనప్పుడు పోస్తే ఊపిర్లోకి ఎల్లిపోతాయి. కారుందా మీకు?”

ఆ గొంతుకి షావుకారిణి కూడా మారుమాట్లాడకుండా విసనకర్ర అందుకుంది. ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో కనబడే ఆదిశేషు, నిద్రలోంచి లేచిన బనీనూ లుంగీతోనే కారు తీశాడు. దారి పొడవునా ముగ్గురు ఆడవాళ్ళూ వెనక సీట్లో పిల్లని తడుపుతూ, విసురుతూ కూర్చున్నారు. దేవకుమారి పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, “అయిపోతంది తల్లీ, టన్నెలు అయిపోతంది” అని అంటూనే ఉంది. పిల్ల పలకలేదు. కారు అద్దంలో ఆదిశేషు ముఖం చూసి, ఆయనకీ ఆశ లేదేమో అనిపించి కళ్ళు దించుకుంది.

ఆసుపత్రిలో పిల్లని లోపలికి తీసుకుపోయారు. బయట బెంచీ మీద కూర్చున్న దేవకుమారి లోపలినుంచి వచ్చే ప్రతి అడుగు చప్పుడుకీ లేచి నిలబడేది. ఎవరో వేరే మనిషి కోసం వచ్చేవాళ్ళు. మళ్ళీ కూర్చునేది. దొర్కా కూర్చోలేదు. గోడకి వీపు ఆనించి, పెదవులు కదుపుతూ నిలబడే ఉంది. ప్రార్థనో, మరేదో.

చివరికి డాక్టరు బయటకి వచ్చాడు. కుర్రవాడు. వేడి దిగుతోందని, కళ్ళు తెరిచిందని, ఒక రాత్రి ఉంచి చూడాలని చెప్పాడు. చెప్పి, చేతిలో కాగితం మీద రాసుకుంటూ హిందీలో అడిగాడు, “ఒంటి మీద ఏదైనా కప్పారా? ఎవరు కప్పారు?”

దేవకుమారి నోరు తెరిచింది. ఆమె కంటే ముందు దొర్కా గోడ వదిలి ముందుకొచ్చింది. నడుము నిటారుగా పెట్టి, వార్డులో పెద్ద డాక్టరు ఎదుట నిలబడ్డట్టు నిలబడింది.

“నేను కప్పేను. రెండు రగ్గులు. నా పేరు దొర్కా. స్టాఫ్ నర్సు, రిటైర్డు. కోడలు వద్దంటే ఇనలేదు. అలగే రాసుకోండి బాబూ” అంది. డాక్టరు ఆవిడ వైపు ఒకసారి తలెత్తి చూసి, రాసుకుని వెళ్ళిపోయాడు.

ఎందరో పిల్లల్ని బతికించిన మనిషి అలా నిలబడి చెబుతుంటే దేవకుమారికి కోపమూ వచ్చింది, జాలీ వేసింది. బెంచీ మీద అత్తగారికి చోటిచ్చింది. దొర్కా ఈసారి కూర్చుంది. కోడలి వైపు తిరిగి అడిగింది.

“నీకు ఎప్పుడు తోసింది, అది మలేరియా కాదని?”

“అది టన్నెలన్నప్పుడే అనుమానమొచ్చింది అత్తమ్మా.”

“మరప్పుడే సెప్పనేదేటి?”

దేవకుమారి గచ్చు వైపు చూసింది. చెప్పకూడదనుకుంది. చెప్పేసింది. “ఇల్లు నేను తెచ్చేను కదా. ఎండంటే తప్పు నామీదకి వస్తాదని... నా బిడ్డ కంటే నాకు ఆ మాటే ఎక్కువైపోయింది అత్తమ్మా.” ఇక ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

దొర్కా ఓదార్చలేదు. ఓదార్చే అలవాటు లేదు ఆవిడకి. కోడలి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. “ఇల్లు నువ్వు తెచ్చేవు. రగ్గులు నేను తెచ్చేను. నువ్వు సెప్పకపోడానికి నా సూపు కారణం. నాకు తెలుసులే. తెలిసే సూసేదాన్ని” అంది. అంతకంటే పెద్ద క్షమాపణ ఆవిడ నోట దేవకుమారి ఎన్నడూ వినలేదు.

లోపలికి రమ్మన్నారు. యూనిస్ మంచం మీద సెలైను చేతితో పడుకుని ఉంది. ముఖంలో ఎరుపు తగ్గింది. నుదుటి మీద జుట్టు మొదట్లో చిన్నగా ఏదో మెరిసింది. దొర్కా వంగి చూసి, వేలితో తాకి, ఆ వేలు కోడలికి చూపించింది. తడి. చెమట. మధ్యాహ్నమంతా ఇద్దరూ కాచుకుని కూర్చున్న చుక్క అది.

పిల్ల పెదవులు కదిపింది. “అమ్మా, నీల్లు” అంది. తర్వాత బల్ల మీద బాలామణి తెచ్చి పెట్టిన సీసా వైపు చూసింది. ఎదురు కొట్టు ఫ్రిజ్‌లోంచి తెచ్చిన సీసా. ఒళ్ళంతా చెమ్మ పట్టి ఉంది. “సల్లవి” అనబోయి, నానమ్మని చూసి, భయంతో నోరు మూసుకుంది.

తను ఇన్నాళ్ళూ చేసింది ఆ మూసుకున్న నోట్లోనే కనబడింది కాబోలు, దొర్కా ముఖం ఒక్కసారి కుంచించుకుపోయింది. నర్సుని పిలిచి, పట్టొచ్చా అని అడిగింది. పట్టొచ్చంది. మూత తిప్పి, గ్లాసులో పోసి, మనవరాలి తల కింద చెయ్యి పెట్టి లేపింది.

“సల్లవే తల్లీ. తాగు. మెల్లగా, కొంచెం కొంచెం తాగు” అంది. దేవకుమారి తన చెయ్యి గ్లాసు పట్టుకున్న ఆ చేతి కింద ఆసరాగా పెట్టింది.